బంగళా గోడ మీది పిట్టలు

ఉక్కు కర్మాగారం కొలుముల్లో ఇటుక పేర్చడం ఆదిశేషు పని. చల్లారీ చల్లారని కొలిమిలోకి దూరి, ఇరవై రెండేళ్లుగా అదే పని. డ్యూటీ దిగేసరికి ఒంట్లో సత్తువుండేది కాదు. అయినా పాత బంగళా ఎక్కడైనా పడగొడుతున్నారంటే చాలు, సైకిలెక్కేవాడు. విక్టోరియా రాణి కాలంలో సీమనుంచి తెచ్చి అతికించిన పింగాణీ పలకలంటే అతనికి ప్రాణం. అచ్చు వేసినవి కాదు, చేత్తో బొమ్మ గీసినవి. రిసాలిలో కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో మంచం కింది ట్రంకుపెట్టెలో, గోనెగుడ్డల్లో చుట్టి ముప్పై ఒకటి దాచాడు.

ఎనభై ఒకటి వేసవిలో కాంట్రాక్టరు నరసింగరావు కబురు పెట్టాడు. పక్క ఊరు దుర్గ్‌లో ఒక బంగళా పడగొడుతున్నాడు. స్నానాలగది గోడకి ఆరు పలకలు, పలకకో పిట్ట.

“రేపు పొద్దున్న గోడ లేపేత్తాం. ఏటి తీసుకున్నా ఇయాళే తీసుకో,” అన్నాడు నరసింగరావు.

ఆదిశేషు ఉలి పెట్టి కొట్టాడు. మొదటి పలకే నిలువునా పగిలింది. డ్యూటీ దిగి వచ్చిన చేతికి ఉలి నిలవలేదు. ఇటుకల కుప్ప మీద కూలబడి ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు.

ఇటుకలు మోస్తున్న కూలిమనిషి పోలమ్మ తట్ట దించింది. “ఉలి ఇలగియ్యి మేస్త్రీ. నాను కొడతాను, నువ్వు సెప్పు.”

ఆ ఉలి అతనెవరికీ ఇచ్చి ఎరగడు. ఉలి మొన చొక్కాకి తుడిచాడు. తరవాత ఇచ్చాడు.

“పలక మీద కాదే, సున్నం మీద. ఏటవాలుగా... నెమ్మది.”

పొద్దు వాలేసరికి అయిదూ దిగాయి. ఒకదాని వెనక కుంచెతో రాసిన ఇంగ్లీషు అక్షరాలున్నాయి. నరసింగరావు కూడబలుక్కుని చదివాడు. “ఎమిలీ అంట. గీసిన మనిసి పేరు కావాల.”

“ఆడదేటి!” పోలమ్మ పలకని కొంగుతో తుడిచింది. “ఒకటి నాకియ్యవా మేస్త్రీ? పొయ్యెనక గోడకి పెట్టుకుంటాను.”

“నీకు నచ్చింది తీసుకో.”

కొంగబొమ్మ తప్ప ఏదైనా ఫరవాలేదనుకున్నాడు. ఆమె కొంగబొమ్మే తీసుకుంది. ప్రాణం ఉసూరుమంది. కాదనడానికి నోరు తెరిచాడు గానీ, కాదనే ఓపిక కూడా మిగల్లేదు.

“అతికించే ముందు నీళ్లలో నానబెట్టు, లేపోతే పట్టదు,” అని మాత్రం అన్నాడు.

“నువ్వే వచ్చి పెట్టకూడదేటి?”

సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ ఇల్లు చేరాడు. భార్య గున్నమ్మ పెట్టె బయటికి లాగబోతే, “రేపు సూద్దాం,” అని గోడకి జారబడ్డాడు.

ఆదివారం మరోదా బస్తీకి వెళ్లాడు. పోలమ్మ గుడిసెలో సిమెంటు కలిపి ఉంచింది. అతను చెబుతూంటే ఆమే అతికించింది. పలక కాస్త ఒరిగింది. సరిచెయ్యమని చెప్పబోయి ఊరుకున్నాడు. పోలమ్మ దాని ముందే పొయ్యి రాజేసి టీకి నీళ్లు పెట్టింది.