తనంతట తాను నిలబడే తెర

మైదా ఉడికి బుడగలు లేస్తున్నప్పుడు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, గరిట తిప్పే చెయ్యి మార్చాడు పెదనాన్న. ఎడమచెయ్యి ఈమధ్య భుజం దాకా లాగుతోంది. లాగితే లాగనీ, కుడిచెయ్యి ఉందిగా అనుకునే రకం ఆయన. జిగురు తయారైందో లేదో తేల్చడానికి ఆయన దగ్గర ఒకటే పద్ధతి. బొట్టు తీసి రెండు వేళ్ల మధ్య పెట్టి, వేళ్లు కలిపి విడదీయాలి. తీగ సాగితే ఇంకా పచ్చి. వేళ్లు విడిపోకుండా మొరాయిస్తే సిద్ధం. వేళ్లు మొరాయించాయి. గిన్నె దింపాడు.

ఇంట్లో ఆయన్ని పెదనాన్న అని పిలిచేది తమ్ముడి కూతురొక్కతే. అదీ చిన్నప్పుడు "జిగురు పెదనాన్న" అనేది. పిల్ల పెద్దదైంది, వీధిలో ముద్దు పోయి జిగురు మిగిలింది. మర్యాదస్తులు దానికి ఒక "గారు" అతికించారు. జిగురుగారు. అంటుకుంటే వదలడని మరదలి పుట్టింటివాళ్లు నవ్వితే ఆయనా ఆ నవ్వులో కలిసేవాడు. ఎవరు ఎంత అన్నా ఆయనకి అంటేది కాదు, జిగురు తప్ప.

పని బజారులో కానుకల దుకాణంలో. దుకాణంలో అంటే దుకాణం వెనకాల. కిటికీ లేని గదిలో కూర్చుని, ఎవరో ఎవరికో ఇచ్చే వస్తువుకి రంగు కాగితం చుట్టి, మూలలు మడిచి, మడతని చెంచా వెనకతో నొక్కి, పైన రిబ్బన్ పువ్వు కట్టడం. జీవితమంతా చేతిలో కానుకలే, విప్పింది మాత్రం ఒక్కటీ లేదు. ఇంటికొచ్చాక కూడా చేతులు ఊరుకునేవి కావు. పాత గాజులకి దారం చుట్టి కిటికీకి గొలుసులు, ఐస్‌క్రీం పుల్లలతో ఫొటో ఫ్రేములు, బూట్ల డబ్బాతో నగలపెట్టె. చుట్టాలింట్లో ఏ వేడుక వచ్చినా మరదలు ముందే మాట ఇచ్చేసేది: "మా బావగారు చేసిపెడతారులెండి. ఆయనకేం పని?"

అన్నిటికన్నా పెద్ద పని తెర. పాత దుప్పటికి అట్టలు కుట్టి, అట్టల నిండా ముడతల కాగితం గులాబీలు అంటిస్తాడు. ఒక్కొక్క రేకునీ కత్తెర వీపు మీద లాగి వంపు తిప్పుతాడు. హాల్లో గోడ ముందు ఆ తెర పెట్టి, దాని ముందు ఇంటిల్లిపాదీ ఫొటో దిగాలి. గోడకి మేకు కొట్టకూడదని మరదలి శాసనం. మేకు కొడితే గోడ పాడవుతుంది. మనిషిని నిలబెడితే ఏదీ పాడవదు. అందుకని ఆయనే స్టూలెక్కి, తెర వెనక రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాడు. "మీకు ఇబ్బందేం లేదుగా?" అని అడిగేవారు. మేకుకి ఇబ్బందేమిటి?

పాప పుట్టినరోజులు, తమ్ముడి ప్రమోషన్, అమ్మ పోకముందు అందరితో దిగిన ఆఖరి ఫొటో, అన్నిట్లోనూ ఆయన ఉన్నాడు. ఒకదాంట్లో కనిపిస్తాడు కూడా. తెర పై అంచు మీద నాలుగు వేళ్లు, మొగ్గల్లాగా. "ఇవి నావే" అని ఇంటికొచ్చిన కొత్తవాళ్లకి చూపించేవాడు. వాళ్లు మర్యాదకి తలూపి, పక్కనున్న పాప ఎంత ఎదిగిందో మాట్లాడుకునేవాళ్లు.

ఈరోజు తమ్ముడి పాతికేళ్ల పెళ్లిరోజు. సాయంత్రం ఫొటో. ఈసారి మాత్రం పెదనాన్న వెనక ఉండదలచుకోలేదు. దుకాణంలో పారేసిన చెక్కపెట్టెలు విప్పి తెరకి కాళ్లు కట్టాడు. రెండు నిలువు కర్రలు, వాటి అడుగున వెనక్కి చాచిన పాదాలు, రెండు పాదాల మీద అడ్డంగా ఒక పలక. పలక మీద ఇసుక నింపిన పాత రంగుడబ్బాలు రెండు పెడితే చాలు, తెర రాయిలా నిలబడుతుంది. డబ్బాల్లో బరువున్నంతసేపు.

జిగురు గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర తచ్చాడాడు.

"అమ్మా, ఈ తెర తనంతట తానే నిలబడుతుంది."

మరదలు కాఫీ వడపోస్తూ నవ్వింది. "అబ్బో! మీ వంశంలో తనంతట తాను నిలబడింది ఇదొక్కటేనేమో బావగారూ."

పేపరు వెనక తమ్ముడు దగ్గాడు.

"అందుకని... ఈసారి నేను కూడా ఫొటోలో..."

"ఎవరొద్దన్నారు? తెర నిలబడితే మీరూ నిలబడండి. అది పడిందో, అంతమందిలో నా పరువు పడ్డట్టే. చెప్తున్నా."

తెర నిలబడితే మీరూ నిలబడండి. ఆ మాటని జేబులో పెట్టుకుని ఆయన దుకాణానికి వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా పొట్లాలన్నీ ముగించి యజమాని ముందు చేతులు కట్టుకున్నాడు.

"సగంపూట సెలవా? ఎవరిది పెళ్లి?"

"మా తమ్ముడిదండి."

"నీ తమ్ముడికి ఇప్పుడు పెళ్లేంటయ్యా?"

"అయిపోయిందండి. పాతికేళ్లయింది."

"మరి అప్పుడు సెలవు పెట్టలేదా?"

"పెట్టానండి. అప్పుడు కూడా తెరే."

యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. సెలవు ఇచ్చాడు. అసలు సంగతి తెలిసుంటే ఇంకా నవ్వేవాడు.

అసలు సంగతేమిటంటే, ఆ సంబంధం మొదట పెదనాన్నకే వచ్చింది. పిల్ల తరఫువాళ్లు అబ్బాయి ఫొటో అడిగారు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫొటో, అమ్మా నాన్నా తమ్ముడూ తెర ముందు నిలబడ్డది. ఇంటి ఫొటో కదా, ఇంట్లోవాళ్లంతా ఉంటారులే అని అమ్మ దాన్నే పంపేసింది. పెద్దకొడుకు తెర వెనక ఉన్నాడన్న సంగతి ఆవిడకి కవరు అంటించాక కూడా తట్టలేదు. ఆ కవరు అంటించింది కూడా పెదనాన్నే. వారం తిరగకుండా కబురొచ్చింది, అబ్బాయి బాగున్నాడు, పిల్లకి నచ్చాడు అని. అమ్మ తల పట్టుకుంది. తర్వాత చెయ్యి దించి, "నచ్చినవాడినే చేసుకోనీ, పోనీలేరా" అంది. పోనిచ్చాడు. ఆ పెళ్లికి వేసిన తెరలో గులాబీలన్నీ ఆయన చేసినవే. ఇంట్లో ఇది పెద్ద హాస్యం. "నేను ఫొటో చూసి ఒప్పుకున్నానండీ, తెర చూసి కాదు" అని మరదలు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆయనకి మరి సంబంధాలు రాలేదు. కాగితం పూలకి తుమ్మెదలు రావు కదా అని తమ్ముడు కూడా ఒకసారి అన్నాడు, తర్వాత నాలిక కరుచుకున్నాడు. నాలిక తమ్ముడిదే, నొప్పి మాత్రం అన్నయ్యది.

సాయంత్రానికి హాల్లో తెర లేచింది. రెండువైపులా పట్టి ఊపి చూశాడు. కదల్లేదు. చుట్టూ తిరిగి ముందుకొచ్చి, ఫొటోలో తను ఎక్కడ నిలబడితే బాగుంటుందో ఆలోచించాడు. తమ్ముడి పక్కన? మరీ మధ్యకి వెళ్లినట్టుంటుంది. ఆ చివర, కిటికీ వైపు. చివరైతే ఎవరూ ఏమీ అనరు. అక్కడ ఒక్క క్షణం నిలబడి, ఎదురుగా ఎవరో కెమెరా పట్టుకున్నట్టు గడ్డం పైకెత్తాడు. ఎవరూ చూడలేదని నిర్ధారించుకుని స్నానానికి వెళ్లాడు.

ఆయన ఇంకా దువ్వుకోని తడితలతో, ఇస్త్రీ చొక్కాతో తిరిగొచ్చేసరికి హాలు నిండింది. మరదలి పుట్టింటివాళ్లు, ఇరుగుపొరుగు, మెడలో కెమెరాతో ఫొటోగ్రాఫరు. ఉక్కగా ఉందని ఎవరో ఫ్యాను వేశారు. ఆ గాలికి తెర ఒకసారి పొట్ట ఉబ్బించి, మెల్లగా జనం మీదికి వంగడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో, పడుతోంది, పడుతోంది!"

పెదనాన్న ఉరికి వెనక నుంచి కర్ర పట్టుకున్నాడు. పలక మీద చూశాడు. ఖాళీ.

"డబ్బాలేవమ్మా?"

"ఏంటీ, ఆ తుప్పు డబ్బాలా? పక్కనుంచి చూస్తే అందరికీ కనపడుతున్నాయి. పరువు పోతుందని పెరట్లో పెట్టించేశా" అంది మరదలు.

పరువు నిలిచింది, బరువు పోయింది.

"నేను వెళ్లి తెస్తా, క్షణంలో..."

"మీరు తెచ్చేలోగా అది మా అందరి నెత్తిన పడుతుంది. ముందు పట్టుకోండి బావగారూ."

"పాపా, నువ్వు తెస్తావా అమ్మా?"

"కొత్త చీరతోనా పెదనాన్నా? ఇసుకంతా ఒంటి మీద పడుతుంది. ఈ ఒక్క ఫొటో అవ్వనీ, తర్వాత తెస్తా."

ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. "ఎవరో ఒకరు వెనకుండాలండీ, లేకపోతే కుదరదు." ఎవరూ ఆయన పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. తమ్ముడు తన బూట్ల వైపు చూసుకుంటూ అన్నాడు: "అన్నయ్యా, ఇదొక్కటే. తర్వాతదాంట్లో నువ్వూ ఉందువుగాని."

"అలాగే, అలాగే. నిలబడండి" అన్నాడు పెదనాన్న, తెర వెనక నుంచే.

ఇదొక్కటి అయ్యింది. తర్వాతది మరదలి అన్నావదినలతో. ఆ తర్వాతది మరదలి చెల్లెళ్లతో. ఎడమచెయ్యి మోచేతి దాకా మొద్దుబారింది. పాత అలవాటు ప్రకారం చేతులు పైకెత్తబోతే భుజం ఒప్పుకోలేదు. అప్పుడు ఆయనకో ఉపాయం తట్టింది. పలకకి కావలసింది బరువే కదా. మెల్లగా పలక మీద కూర్చున్నాడు. తెర నిటారుగా లేచింది. ఇన్నాళ్లూ తమ్ముడింట్లో తను బరువని అందరూ అంటుంటే విన్నాడు. నిజమే, సరిగ్గా సరిపోయే బరువు. ఆ ఆలోచనకి ఆయనకే నవ్వొచ్చింది. నవ్వుతో పాటు గుండెల్లో ఏదో మెలిపడింది.

"మగపెళ్లివారి తరఫునెవరూ లేరా?" ఫొటోగ్రాఫరు గొంతు.

"ఉన్నారుగా, వెనక!" అన్నాడు మరదలి అన్న. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో తమ్ముడి నవ్వు కూడా ఉంది. అది ఆయన ఎక్కడున్నా గుర్తుపడతాడు, ఊయల ఊపుతూ విన్న నవ్వు.

చెమట కళ్లలోకి దిగుతోంది. తెర ఇవతల కాగితం గులాబీల వెనకభాగాలు, మెలితిప్పిన తీగలు, ఎండిన జిగురు చారలు. ఇటువైపు అందంగా చెయ్యాలని ఆయనకెప్పుడూ తోచలేదు. ఇటు చూసేవాళ్లెవరున్నారు గనక?

"అయిపోయినట్టేనా? ఇంకెవరైనా మిగిలారా? ఆఖరిసారి అడుగుతున్నానండీ, ఇంకెవరైనా ఉన్నారా?"

ఉన్నాను అనాలని నోరు తెరిచాడు. లేస్తే తెర పడుతుంది. పడితే మరదలి పరువు. లేవకుండానే చెప్పొచ్చు. ఒక్క మాట. డబ్బాలు ఎవరైనా తెస్తే వచ్చి ఆ చివర నిలబడతాను, కిటికీ వైపు. పెదవుల దాకా వచ్చిన మాట అక్కడే అంటుకుపోయింది. తెర ఒక్కసారి చిన్నగా అదిరింది. రెండు గులాబీలు రాలాయి.

ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి సంతోషపడ్డాడు. "ఇప్పుడు బాగా కుదిరిందండీ. అస్సలు కదలడం లేదు. ఇలాగే ఉంచమనండి, ఇంకో నాలుగు తీసుకుందాం."

ఇంకో నాలుగు కాదు, ఇంకా చాలానే తీశారు. జంటగా, కూతురితో, ఇరుగుపొరుగుతో, కేకుతో. తర్వాత భోజనాలు. తెర భలేగా నిలబడిందే, ఎక్కడ కొన్నారు అని ఎవరో అడిగితే "ఇంట్లోదేలెండి" అంది మరదలు. పళ్లేలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి మిగిలితే, ఎవరో పిల్లలు తిననట్టున్నారని బోర్లించింది.

చుట్టాలు కదిలాక తమ్ముడు తెర పక్కకి వచ్చి తొంగిచూశాడు.

"అన్నయ్యా, ఇక లే. విప్పేద్దాం."

చెంప కర్రకి ఆనించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు అన్నయ్య.

"నిద్రపోయాడు చూడు" అని భుజం మీద చెయ్యి వేసిన తమ్ముడు ఆ చెయ్యి వెంటనే తీయలేకపోయాడు.

ఇద్దరు పట్టుకుని ఆయన్ని పలక మీద నుంచి లేపాక, అప్పుడు పడింది తెర.

మర్నాడు పేపర్లో శ్రద్ధాంజలి వేయించడానికి ఆయన ఫొటో కావాలన్నారు. ఇల్లంతా వెతికారు. ఫొటోగ్రాఫరుకి ఫోన్ చేశారు. "అయ్యో, అక్కడే ఉన్నారా? ఒక్కమాట చెప్తే ఒకటి తీసేవాణ్ణి కదండీ. తెర మాత్రం అన్నిట్లో అద్భుతంగా వచ్చింది" అన్నాడు అతను. తమ్ముడు చివరికి ఫొటో లేకుండానే వేయించాడు.

హాలు ఊడుస్తుంటే గోడ వార కాగితం రేకుల్లో మరదలి చీపురుకి ఏదో తగిలింది. జేబులో పట్టే చిన్న నల్ల దువ్వెన. దుకాణం వాడి ధర కాగితం ముక్క ఇంకా దానికి అంటుకునే ఉంది.

"ఇదెవరిదే?" అంది కూతురితో.

"ఏమో అమ్మా. కొత్తదిలా ఉంది."

గోడ మీద ఒకచోట జిగురు చుక్క ఎండిపోయి కనిపించింది. మరదలు ఆ దువ్వెన వెన్నుతోనే దాన్ని గీకి, కొంగుతో గోడ తుడిచి, దువ్వెనని కిటికీ గట్టు మీద పడేసి వెళ్లింది. పొద్దు దాని మీద పడుతోంది. పళ్లన్నీ సరిగ్గా ఉన్నాయి, వాటి మధ్య ఒక్క వెంట్రుక లేదు.