రెండు కుర్చీల పాఠం

పాస్ట్ పర్ఫెక్ట్ టెన్స్ చెప్పేరోజు మాష్టారు పుస్తకం ముట్టేవారు కాదు. ఒకదాని వెనక ఒకటి రెండు కుర్చీలు వేయించేవారు. ముందు కుర్చీ గతం. వెనక కుర్చీ, ఆ గతం నాటికే అయిపోయిన ఇంకో గతం. ఒకణ్ణి ముందు కూర్చోబెట్టి "నువ్వు స్టాపుకి వచ్చావ్" అనేవారు. ఇంకొకణ్ణి వెనక కూర్చోబెట్టి "నువ్వు బస్సువి. వీడు రాకముందే వెళ్ళిపోయావ్. ఏదీ, చెప్పు" అనేవారు. వాడు "ద బస్ హ్యాడ్ లెఫ్ట్" అని అరిస్తే క్లాసంతా గొల్లుమనేది. హ్యాడ్ అన్న మాట వెనక కుర్చీ సొత్తు. జరిగింది ఒక్క పనే అయితే ఆ కుర్చీ ఖాళీగా ఉండాల్సిందే.

"నిన్న అన్నం తిన్నానని చెప్పడానికి హ్యాడ్ దేనికిరా, అరగడానికా?" అని వెక్కిరించేవారు.

బట్టల కొట్టు పైన, ఆయన పాఠాలు చెప్పే రెండు గదుల ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్ ఆయన మేనల్లుడిది. బోర్డు మీద డైరెక్టర్ అని రాయించుకున్న ఆ ప్రబుద్ధుడికి ఏబీసీడీలు దిద్దించింది కూడా మాష్టారే. రిటైరయ్యాక గోడలు చూస్తూ కూర్చోలేని మనిషికి ఆ సాయంకాలపు క్లాసే ప్రాణం. తిండీ నిద్రా దాన్నిబట్టే. ఇంట్లో కూడా "నా క్లాసు" అనేవారే తప్ప "వాడి క్లాసు" అని ఏనాడూ అనలేదు.

"మావయ్యా, నీలా చెప్పేవాడు ఎక్కడా దొరకడు. ఒక్కసారి కెమెరా ముందు చెప్పు. క్లాసుకి రాలేనివాళ్ళకి చూపిస్తా" అన్నాడు మేనల్లుడు.

పొగిడితే మునగచెట్టెక్కే జబ్బు మాష్టారికి ముందునుంచీ ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు.

"ఊరికే ఎందుకు తీస్తున్నాడో అడిగారా?" అంది భార్య.

"సొంత మేనల్లుణ్ణి అనుమానించమంటావా?"

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు. ఒక్క పాఠంతో మొదలై టెన్సులన్నీ అయిపోయాయి. మేనల్లుడు చాలన్నా ఆయనే ఒప్పుకోలేదు. రెండు కుర్చీల పాఠంలో దగ్గు వచ్చిందని మళ్ళీ తీయించారు. నవ్వు సరిగ్గా పండలేదని ఇంకోసారి తీయించారు. తన చోటు పోవడానికి కావలసినదంతా ఆయనే దగ్గరుండి, లోటు లేకుండా అమర్చిపెట్టారు.

సెలవులయ్యాక మాష్టారు మెట్లెక్కి వచ్చేసరికి క్లాసు నడుస్తోంది. బ్లాక్‌బోర్డు ఉండాల్సిన చోట పెద్ద టీవీ. అందులో ఆయనే.

మేనల్లుడు వరండాలోకి వచ్చాడు. "నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా మావయ్యా. ఈ వయసులో నీకీ మెట్ల బాధ ఎందుకు? హాయిగా రెస్ట్ తీసుకో."

"అంటే, నన్ను రావద్దంటున్నావా?"

"అదేం మాట? నువ్వు రోజూ ఉంటావుగా, అదిగో" అని టీవీ వైపు చూపించాడు.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు లోకంలో ఉన్నారు. వీడు ఆ తెప్పకి ఫొటో తీసి గోడకి తగిలించి మరీ తగలేశాడు. మాష్టారు వాణ్ణి దాటుకుని క్లాసులోకి నడిచారు.

అందరూ కొత్తవాళ్ళు. టీవీలో ఆయన జోకు వేశారు, పిల్లలు నవ్వారు. "అర్థమైందా?" అని టీవీ అడిగింది. మొదటి వరసలో ఒక పిల్ల లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"శభాష్!" అంది టీవీ. తర్వాతి వాక్యానికి వెళ్ళిపోయింది.

మాష్టారు ఉండబట్టలేకపోయారు. గబగబా వెళ్ళి ఆ పిల్ల ముందు వంగారు.

"ఏమ్మా, ఎక్కడ అర్థం కాలేదు? నాకు చెప్పు."

ఆ పిల్ల మెడ సాచి ఆయన భుజం మీదుగా చూడబోయింది.

"కొంచెం పక్కకి జరగండి సార్. పాఠం కనపడట్లేదు."

మాష్టారు పక్కకి జరిగారు.