మిషన్ ఒప్పుకోదు

ఓబుళేశుకు దేవుడు అన్నీ ఇచ్చాడు గానీ "కుదరదు" అనే మాట ఒక్కటి ఇవ్వడం మరిచిపోయాడు. పత్తికొండకు ఇవతల పల్లెలో సొంత పికప్ బండి పెట్టుకుని బతికేవాడికి అంతకంటే పెద్ద జబ్బు ఇంకొకటి ఉండదు. పైగా ఊళ్ళో సగం మంది అతనికి బంధువులు, తక్కిన సగం ఆ బంధువులకు బంధువులు. పొద్దున్నే టమాటా బాక్సులు ఎత్తుకుని మార్కెట్టుకు బయలుదేరితే మలుపుకొకరు చెయ్యెత్తి నిలబడేవారు. మామ అయితే బాక్సుల మీద, బావ అయితే మామ పక్కన, పెద్దమ్మ ఉరుకుందమ్మ అయితే ముందు సీట్లో, ఆమె అమ్ముకోవడానికి తెచ్చిన కోడిపెట్ట గేరు రాడ్డు పక్కన. ప్రతి రైతూ "ఇంకో రెండు బాక్సులు వేసుకోప్పా, రెండే గదా" అనేవాడు. రెండే గదా అన్నవాళ్ళు ఊరంతా అయ్యేసరికి వెనక టైర్లు జొన్నరొట్టెల్లా పరుచుకునేవి. ఓబుళేశు చెమట తుడుచుకుంటూ నవ్వేవాడు. ఆ నవ్వు చూసి ఇంకొకడు ఎక్కేవాడు.

భార్య నాగజ్యోతి చెప్పి చెప్పి అలసిపోయింది. ఎప్పుడు చెప్పినా అతనిది ఒకటే జవాబు, కాదంటే వాళ్ళేమనుకుంటారోనని. వాళ్ళు ఏమీ అనుకునేవాళ్ళు కాదు. అసలు అతని గురించి ఆలోచిస్తే కదా అనుకోవడానికి. వాళ్ళ ఆలోచనంతా బాక్సుల మీద ఎక్కడ కూర్చుంటే గాలి బాగా తగులుతుందనే.

పోయిన ఎండాకాలం కోడుమూరు రోడ్డులో వెనక టైరు పేలింది. బండి బీడు పొలంలోకి దూసుకుపోయి పక్కకు ఒరిగింది. తలకాయల కంటే ముందు టమాటాలు పగలడం వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. నాగజ్యోతి తండ్రి సుబ్బయ్య మాత్రం పైనుంచి ఎగిరిపడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. తల నుంచి కాళ్ళదాకా ఎర్రగా ఉన్న ఆ మనిషిని స్ట్రెచర్ మీద చూసి చుట్టాలంతా ఘొల్లుమన్నారు. నర్సమ్మ గుడ్డ తడిపి తుడిస్తే అందులో తొంభై పాళ్ళు టమాటా రసమే అని తేలింది. చూడవచ్చినవాళ్ళు టైరు కంపెనీని తిట్టారు, రోడ్డు వేసినవాణ్ణి తిట్టారు, ఎండను తిట్టారు. బండి మీద ఎంతమంది ఎక్కారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, ఎక్కింది వాళ్ళే కాబట్టి.

ఆసుపత్రి వరండాలో నాగజ్యోతి మొగుణ్ణి పక్కకు పిలిచింది. అరవలేదు, ఏడవలేదు.

"నువ్వు ఈ మొహమాటంతోనే సచ్చిపోతావు. నిన్ను కాటికి గూడా నీ బండిలోనే తీసుకపోతారు. అప్పుడూ నీ పక్కన పదిమంది ఎక్కుతారు. అప్పుడూ నువ్వు కాదనవు" అంది.

ఆ వారంలోనే ఆమె అతణ్ణి కర్నూలుకు లాక్కుపోయి, ఏసేపు అనే అతని టైర్ల షాపులో ఆ మిషన్ పెట్టించింది. మిషన్ అంటే పెద్దదేం కాదు. టైరుకు గాలి కొట్టేచోట ఉండే మూత తీసేసి, దాని బదులు చొక్కా గుండీ కంటే కాస్త లావుగా ఉండే ఇంకో మూత బిగిస్తారు. నాలుగు టైర్లకూ నాలుగు. స్టీరింగు ముందు అగ్గిపెట్టె అంత తెర. ఏ టైరులో గాలి ఎంతుందో, అది ఎంత వేడెక్కిందో ఆ తెర మీద అంకెల్లో కనిపిస్తుంది. గాలి తగ్గినా, వేడి మీరినా కీచుమని అరుస్తుంది. ఏసేపు బిగించేటప్పుడే చెప్పాడు, ఇది గాలిని చూస్తుంది గానీ బరువును చూడదు, గాలి సరిగ్గా ఉంటే పైన ఏనుగును ఎక్కించినా కిమ్మనదు అని. ఓబుళేశు తలూపాడు. ఎవరేం చెప్పినా తలూపడం అతనికి అలవాటే.

రెండు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం మార్కెట్టు నుంచి తిరిగొస్తుంటే, తారు కాగి కాగి ఉన్న చోట మిషన్ అరిచింది. టైరు వేడెక్కింది, అంతే. వెనక కూర్చున్న చుట్టాలు బండి ఆపించి, ఏమైందని మెడలు సాచి అడిగారు. అంతమంది ఒక్కసారిగా అడిగేసరికి ఓబుళేశు తడబడి, నోటికొచ్చింది చెప్పేశాడు. బరువెక్కువైందట, మిషన్ ఒప్పుకోలేదట.

ఆ తర్వాత జరిగింది అతను జన్మలో ఎరగడు. ఇద్దరు దిగిపోయారు. గొణగలేదు, ఎత్తిపొడవలేదు, అతని నాయన పేరు ఎత్తలేదు. మిషన్ ఒప్పుకోనప్పుడు నువ్వు మాత్రం ఏం చేస్తావులే అని అతన్నే ఓదార్చి, తువ్వాలు తలకు చుట్టుకుని చెట్టు నీడకు పోయారు. బ్యాంకులో మనిషి కుదరదంటే కౌంటరు మీద గుద్ది అడిగే జనం, సర్వరు పనిచెయ్యట్లేదంటే నోరు మూసుకుని ఇంటికి పోతారు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి ఓబుళేశుకు నలభై ఏళ్ళు పట్టింది.

ఇక చూడండి అతని తెలివి. ఆ మూతల్లో ఒకటి విప్పి జేబులో వేసుకుంటే, టైరులో గాలే లేదనుకుని మిషన్ గుండెలు బాదుకునేది. రోజూ పొద్దున బండి నిండాక ఓబుళేశు టైర్లు చూసే వంకతో వెనక్కి వెళ్ళి, మూత విప్పి, ముందుకొచ్చి దిగులుగా ముఖం పెట్టేవాడు. పై వరస బాక్సులు దిగేవి. ఆ బాక్సుల మీది మామలు దిగేవారు. బరువు దిగాక మళ్ళీ వెనక్కి వెళ్ళి మూత బిగించేవాడు. నాగజ్యోతికి సంగతి తెలుసు. మొగుడు మంచి పనికి మొదటిసారి దొంగయ్యాడని లోలోపల మురిసిపోయింది కూడా.

ఊరు మాత్రం మిషన్ మీద శాస్త్రమే కట్టేసింది. అది మనిషిని తూచి చూస్తుందని కొందరు, మనిషి మనసును కూడా తూస్తుందని కొందరు. ఉరుకుందమ్మను రెండుసార్లు దించేసరికి ఆమె రాత్రి సంగటి మానేసి, తెల్లారి ఎక్కేముందు ఆ తెరకు కుంకుమబొట్టు పెట్టడం మొదలుపెట్టింది. ఆ బొట్టు అడ్డమై ముందు ఎడమ టైరులో గాలెంతుందో వారం రోజులు ఎవరికీ కనపడలేదు.

అంతా బాగుందనుకుంటున్నప్పుడు బొజ్జన్న వచ్చి పడ్డాడు.

బొజ్జన్న ఓబుళేశుకు మేనమామ. తండ్రి పోయిన పిల్లవాణ్ణి తన ఇంట్లో పెట్టుకుని పెంచినవాడు. ఈ పికప్ కొనేటప్పుడు మొదటి కంతుకు తన ఎద్దుల జతను అమ్మినవాడు. ఆయన బండెక్కితే ఓబుళేశు ప్రాణం లేచొచ్చేది. అయితే ఒకరోజు మిషన్ అరిచాక, ఆఖరున ఎక్కినవాడు ఆయనే కాబట్టి ఆయనే దిగాల్సి వచ్చింది. మండీ వ్యాపారి గోపీనాథ్ మాత్రం ముందు సీట్లో పెళ్ళికొడుకులా కాలు మీద కాలేసుకుని కూర్చునే ఉన్నాడు. రోడ్డు పక్కన దుమ్ములో నిలబడి బొజ్జన్న ఆ వెళ్ళిపోయే బండిని చూశాడు. నన్ను వద్దన్న మిషన్ ఆ మండీ ఆయన్ని ఎట్లా మోసిందని ఊళ్ళో కనిపించిన ప్రతివాణ్ణీ అడిగాడు. నెలలు గడిచాయి గానీ ఆయన కడుపులో మంట చల్లారలేదు.

చిన్నకొడుక్కి మంత్రాలయంలో పెళ్ళి కుదిరినప్పుడు ఆయన అక్షింతలు పట్టుకుని మేనల్లుడి ఇంటికి వచ్చాడు. నాగజ్యోతికి బొట్టు పెట్టించాడు. మగపెళ్ళివారంతా ఓబుళేశు బండిలోనే రావాలన్నాడు. మిషన్ ఏమంటుందో ఈసారి తన కళ్ళతో తానే చూస్తానన్నాడు. ఓబుళేశు మామూలుగా తలూపాడు. ఆ పూట మూత విప్పితే సగం మంది బస్సుకు పోతారని అతని ధైర్యం.

ప్రయాణం నాడు అతను బండి దగ్గరికి వచ్చేసరికే బొజ్జన్న వెనక టైరు పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరైనా ముట్టుకుంటే మిషన్ లెక్క తప్పుతుందని, ఎవరూ టైర్ల దగ్గరికి రాకూడదన్నాడు. మేనల్లుడైనా సరే, తాళం పెట్టి తెర వెలిగించి పక్కకు జరగాలన్నాడు. ఒక్కొక్కరు ఎక్కుతారు, ఎవరు ఎక్కినప్పుడు అరుస్తుందో వాళ్ళే దిగుతారు, చిన్నాపెద్దా తేడా లేదన్నాడు. పట్టుచీరలు, కొత్త పంచెలు కట్టుకుని వచ్చిన జనం పరీక్షకు వచ్చినవాళ్ళలా వరుసలో నిలబడ్డారు.

మొదట బొజ్జన్నే ఎక్కి, టైర్లు కనబడేలా అంచున కూర్చున్నాడు. మిషన్ అరవలేదు. ఆయన పెద్దకొడుకు, కోడలు, వాళ్ళ పిల్లలు ఎక్కారు. అరవలేదు. ఉరుకుందమ్మ తెర వైపు దణ్ణం పెట్టి, కళ్ళు మూసుకుని కాలు పైకి పెట్టింది. అరవలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంట గిన్నెలు ఎక్కాయి, బియ్యం మూటలు ఎక్కాయి, గ్యాసు బండలు ఎక్కాయి, వాటి మీద డప్పుల వాళ్ళు ఎక్కారు. పొద్దుటి చల్లదనంలో, నిలబడి ఉన్న బండిలో, గాలి ఎక్కడి గాలి అక్కడే ఉంది. మిషన్ ఆకుపచ్చ దీపం వెలిగించుకుని బుద్ధిగా కూర్చుంది. పైన జనం ఈలలు వేశారు. బొజ్జన్న ముఖం చూడాలి. నెలల తరబడి మోసిన అవమానం ఒక్క క్షణంలో దిగిపోయి, ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"చూసినావా అల్లుడా. అది నన్ను కాదనల్యా" అన్నాడు.

ఓబుళేశు టైర్ల వైపు చూశాడు. నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. ఎదురుగా మంత్రాలయం దాకా రోడ్డు, ఇంకాసేపటికి మండబోయే ఎండ. అతను ఆ తెర వైపు తిరిగి మనసులో బతిమాలాడు, అరవవే తల్లీ, ఒక్కసారి కీచుమను అని. అది అరవలేదు. అతని అబద్ధమంతా నమ్మిన ఊరు ఇప్పుడు అతని నెత్తినెక్కి కూర్చుంది. తాళం తిప్పితే చాలు. బహుశా ఏమీ కాదు. చాలాసార్లు ఏమీ కాలేదు కూడా. గోడ దగ్గర నాగజ్యోతి పట్టుచీర కట్టుకుని నిలబడి ఉంది. బండెక్కలేదు. అతని వైపు చూడనూ లేదు.

ఓబుళేశు తాళం పీకి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"దిగండి మామా."

"ఎందుకు దిగాల? మిషన్ ఒప్పుకుండాది గదప్పా."

"మిషన్ ఒప్పుకుండాది. నేను ఒప్పుకోను."

పైన ఈలలు ఆగిపోయాయి. తప్పించుకోవడానికి ఇంకో అబద్ధం దొరుకుతుందేమోనని ఓబుళేశు వెతికాడు. దొరకలేదు. అప్పుడు నిజమే చెప్పాడు. మిషన్‌కు బరువు తెలియదని, మూత విప్పి అరిపించింది తానేనని, సగం మంది ఇప్పుడే దిగి బస్సుకు పోతే తప్ప బండి కదలదని చెప్పాడు. ఊరు అతని మాట వినడం అదే మొదటిసారి. వినగానే తిట్టడం మొదలుపెట్టింది. ఉరుకుందమ్మ తాను మానేసిన సంగటి అంతటికీ కలిపి శాపనార్థాలు పెట్టింది.

బొజ్జన్న ఒక్కడే తిట్టలేదు. ఆయనకు ఒక సంగతి అప్పుడప్పుడే అర్థమవుతోంది.

"అయితే ఆ పొద్దు నన్ను రోడ్డు మీద దించింది మిషన్ కాదు" అన్నాడు.

"కాదు మామా. నేనే."

ఆయన మెల్లగా దిగాడు. పట్టుకోబోయిన మేనల్లుడి చేతిని పక్కకు తోశాడు. సగం కాదు, అందరూ దిగాలన్నాడు. గిన్నెలూ దింపించాడు. పత్తికొండ నుంచి బస్సు మాట్లాడమని పెద్దకొడుక్కి చెప్పాడు. పోతూ పోతూ, బొట్టు పెట్టి పిలిచిన పిలుపును వెనక్కి తీసుకునే ఆచారం మాకు లేదు కాబట్టి పిలుపు అట్లాగే ఉంటుంది, నువ్వే రాకుండా ఉండిపో అన్నాడు. ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. "అట్ల కాదు మామా, ఎక్కు, ఏమైతే అదైంది" అనే పాత మాట ఓబుళేశు నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి మింగాడు.

బస్సు ఆలస్యంగా వచ్చింది. జనం ఓబుళేశును తిట్టుకుంటూ ఎక్కారు, తిట్టుకుంటూ పోయారు, ముహూర్తానికి అందుకున్నారు. దారిలో ఏమీ కాలేదు. అతని బండిలో పోయుంటే మాత్రం ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? జరగని ప్రమాదానికి సాక్షులుండరు. ఊరికి తెలిసిందల్లా, ఓబుళేశు మామ కొడుకు పెళ్ళికి బండి ఇవ్వలేదని.

పెళ్ళి జరిగే వేళకు ఓబుళేశు ఖాళీ బండి వెనక పలక మీద కూర్చుని, నలుగురూ చూస్తారన్న బిడియం కూడా లేకుండా ఏడ్చాడు. నాగజ్యోతి పట్టుచీర మార్చుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"మామ ఇంక నా గడప తొక్కడు" అన్నాడు ఓబుళేశు.

"తొక్కకపోతే మానె" అంది నాగజ్యోతి. "తొక్కేదానికి కాళ్ళుండాయి గదా ఆయప్పకు."