ఏనుగుబండ మీది వేటబూర

నేను ఒక వేటబూరను. ఇత్తడిదాన్నో రాగిదాన్నో కాదు, ఉత్త దున్నపోతు కొమ్మును. పన్నెండేళ్ళు దాని తల మీద ఎడమవైపు కూర్చుని గోదావరి ఒడ్డు మడుగులన్నీ చూశాను. కుడివైపున ఉన్న నా జోడు ఏదో పోట్లాటలో విరిగిపోయింది. దున్న చచ్చిపోయిన రోజు దాని యజమాని ఓదెలు కొట్టం గుంజకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, మొహం కడుక్కుని, నన్ను కోయించి వడ్రంగి ఈశ్వరయ్య దగ్గరకు పట్టుకెళ్ళాడు. మనుషుల ప్రేమ అలాగే ఉంటుంది. ప్రేమించినదాన్ని ఊరికే పోనివ్వరు, ఏదో ఒక పనికి పెట్టుకుంటారు.

ఈశ్వరయ్య నా కొస కోసి, ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వను నా లోపలికి దించాడు. ఆ వాసన సంగతి చెప్పను, మీలో అన్నం తింటున్నవాళ్ళు ఉండవచ్చు. ఆ తర్వాత గాజుపెంకుతో ఒళ్ళంతా గీకి, ఆముదం పట్టించి, మూతి దగ్గర తేనెమైనం అద్ది ఓదెలు చేతిలో పెట్టాడు. ఓదెలుకు అప్పుడు పాతికేళ్ళు. ఛాతి నిండా గాలి పీల్చి ఊదాడు. ఊళ్ళో కుక్కలన్నీ ఒక్కసారి లేచాయి. నాకు అంత గొంతు ఉందని నాకే అప్పటిదాకా తెలియదు.

నన్ను చేయించింది జింకల వేటకు. చెన్నూరు అవతలి అడవికి ఏటా మాఘమాసం చలిలో మూడు బండ్లు కట్టుకుని పోయేవాళ్ళు. బావలు, బామ్మర్దులు, స్నేహితులు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, నాలుగు కుక్కలు, రెండు బస్తాల బియ్యం. చూసేవాళ్ళకు పెళ్ళికి పోతున్నారనిపించేది. వాగు ఒడ్డున దిగి ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టేవాళ్ళు. తెల్లవారగానే మగవాళ్ళు అడవిలో వరుసగా నిలబడి, కేకలు వేస్తూ, డబ్బాలు కొడుతూ దుప్పులను వాగు వైపు తోలేవాళ్ళు. ఆ వరుసకు పెద్ద గట్టయ్య. ఓదెలుకు చిన్ననాటి స్నేహితుడు, నిద్రలో కూడా నోరు మూతపడని మనిషి. వాగు దాటే చోట పొదలో తుపాకితో కూర్చునేది రాజేశం, ఓదెలు భార్య మధునమ్మకు తమ్ముడు. ఉన్నది ఆ ఒక్క తుపాకే, గొట్టంలో మందు కూరి పేల్చే పాతకాలపుది.

వీళ్ళందరికీ పైన, ఏనుగుబండ మీద ఓదెలు, నేను. ఒక్కసారి దీర్ఘంగా ఊదితే వరుస కదలాలి. ఆపకుండా తెంపి తెంపి ఊదితే తుపాకి దించాలి, ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి. బండ మీది నుంచి అడవంతా కనిపిస్తుంది కాబట్టి మనుషుల ప్రాణాలకు బండ మీదివాడే పూచీ. వరుసలో నడిచేవాళ్ళంతా తలకు తెల్ల రుమాలు కట్టుకోవాలని ఇంకొక కట్టుబాటు. తెల్లది కనిపిస్తే మనిషి, కనిపించకపోతే మెకం. పొద్దున్నే ఓదెలు ఒక్కొక్కరి తల చూసి గానీ బండ ఎక్కేవాడు కాదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆడవాళ్ళు నన్ను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వేట పడదట. ఈ సంగతి ఏ దుప్పి వచ్చి వాళ్ళకు చెప్పిందో నాకు తెలియదు.

ఇరవై ఏళ్ళు అలా గడిచాయి. రాత్రి నెగడు దగ్గర రాజేశం, "మా బావది ఛాతి కాదుర బై, కొలిమితిత్తి" అంటే ఓదెలు మీసం కింద నవ్వుకునేవాడు. నిజం చెప్పాలంటే ఓదెలుకు ఏడాదంతా ఆ మూడు రోజుల కోసమే. మిగిలిన రోజుల్లో అతనూ అందరిలాంటి రైతే. ఎండకు తిట్టుకుంటాడు, వానకు తిట్టుకుంటాడు. ఆ బండ మీద మాత్రం అతని ఊపిరితోనే పాతికమంది కదిలేవాళ్ళు, అతని ఊపిరితోనే ఆగేవాళ్ళు.

ఆ ఊపిరికే జబ్బు చేసింది. దమ్ము. చలికాలం వస్తే చాలు, ఛాతిలో పిల్లి కూర్చున్నట్టు చప్పుడు. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది, ఎప్పుడూ మాతో వేటకు వచ్చే పోచమల్లు తాతకు మోకాళ్ళు పట్టేస్తే అందరూ ఎంతో ప్రేమగా, "నువ్వు ఇంటికాడ పండుకో తాతా, నీ వాట నీకు పంపుతం" అన్నారు. పంపారు కూడా. ఆకులో చుట్టి పంపిన ఆ మాంసాన్ని పోచమల్లు తాత విప్పనైనా లేదట. ఆ ఉగాది దాటలేదు.

"బూర ఊదరానోన్ని ఏటకెవడు తోల్కపోతడే? పోచమల్లు తాతకైనట్టే నాకైతది" అని ఓదెలు ఒక్క మధునమ్మతోనే అన్నాడు. ఆమె చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది.

ఆ మాఘంలో బండ ఎక్కేసరికే ఓదెలు పెదవులు నల్లబడ్డాయి. బండకు ఒక నెర్రె ఉంది, మనిషి కూర్చునేంత. అందులో కూలబడి నన్ను నోట పెట్టుకున్నాడు. నాలోంచి కుయ్యిమని ఒక చిన్న మూలుగు వచ్చింది. మళ్ళీ ఊదాడు. అదీ రాలేదు. కింద గట్టయ్య మనుషులు ఎదురుచూస్తున్నారు. సరిగ్గా అప్పుడే మధునమ్మ అంబలి కుండతో పైకి వచ్చింది. బండ మీదివాడు కిందికి దిగకూడదు కాబట్టి, అన్నం అంబలి పైకి తేవడానికి ఆడవాళ్ళకు అభ్యంతరం లేదు. ఆమె కుండ కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నన్ను మొగుడి చేతిలోంచి తీసుకుని, కిందివాళ్ళకు కనిపించకుండా నెర్రెలో వంగి ఊదింది.

అమ్మో, అదేం ఊపిరి! ఏడేళ్ళ వయసు నుంచీ తడి కట్టెల పొయ్యిని ఊదుగొట్టంతో ఊదిన ఊపిరి అది. నేను వేటబూరనని ఎంత మిడిసిపడ్డా, ఆ క్షణాన నేను కూడా పొడుగాటి వంటింటి గొట్టాన్నేనని తెలిసింది. ఆ రోజు వేట పడింది. మర్నాడూ పడింది. నెగడు దగ్గర రాజేశం బావ ఛాతిని ఎప్పటికన్నా ఎక్కువ పొగిడాడు. ఓదెలు ఈసారి మీసం కింద నవ్వుకోలేదు. మధునమ్మ అందరికీ అన్నం వడ్డిస్తూ, "ఇంగ జర ఏస్కో తమ్మీ" అంది, ఏమీ ఎరగనట్టు.

మరుసటి ఏడూ అంతే. గట్టయ్యకు మాత్రం నోరు ఊరుకోదు. "ఏందే ఓదెలన్నా, వదినె అంబలి తేంది నీ బూర పలుకుతలేదు? గా కుండల ఏం మందు కలుపుతుందో మాకు గూడ జెర పొయ్యరాదు!" అని వేళాకోళం చేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. వాళ్ళలో ఓదెలూ నవ్వేవాడు, పాపం.

మూడో ఏడు వచ్చింది. ఆ పొద్దు మంచు బాగా పట్టింది, అందరూ గొంగళ్ళు కప్పుకున్నారు. ఓదెలు తలలు చూశాడు, అందరికీ తెల్ల రుమాళ్ళు ఉన్నాయి. బండ ఎక్కాం. మధునమ్మ ఊదింది. వరుస కదిలింది. ఆమె కుండ తీసుకుని దిగబోతూ నెర్రె అంచున ఆగింది.

కింద, వరుసకు చాలా ముందు, బోదగడ్డిలో గోధుమరంగుది ఏదో వంగి వంగి వాగు వైపు పోతోంది.

"దుప్పి" అన్నాడు ఓదెలు.

"దుప్పి గట్ల అడుగుల అడుగేసుకుంట నడుస్తదా? అది గట్టయ్య. మీదున్నది గొంగడి."

"మరి రుమాలేది?"

రుమాలు ఎక్కడుందో ఆ తర్వాత తెలిసింది. గడ్డిలో గట్టయ్య కాలికి ఒక దుప్పిపిల్ల తగిలింది. పుట్టి రెండు రోజులు కూడా అయి ఉండదు. వెనక కుక్కలు వస్తున్నాయి. దుప్పులను చంపడానికి పాతికమందిని వెంటేసుకుని వచ్చిన మనిషికి, ఆ పిల్ల కళ్ళు చూసేసరికి ఏమైందో! తలకున్న రుమాలు విప్పి పిల్లను అందులో చుట్టాడు, గొంగడి కప్పాడు, కుక్కలకు అందకుండా వరుస వదిలేసి ముందుకు వంగి నడిచాడు. ముందు ఎవరున్నారన్నది ఆ క్షణాన అతనికి గుర్తు లేదు. నోరు మూతపడని మనిషి ఆ రోజే, పిల్ల బెదురుతుందని, నోరు మూసుకున్నాడు.

వాగు దగ్గర పొదలోంచి తుపాకి గొట్టం మెల్లగా బయటికి వచ్చింది.

ఓదెలు నన్ను లాక్కున్నాడు. పాత అలవాటు, పాత పౌరుషం. ఊదాడు. గాలి రాలేదు. కళ్ళు ఉబ్బాయి, మెడ నరాలు లేచాయి, నాలోకి ఉమ్మి తప్ప ఏమీ రాలేదు. నెర్రెలోంచి ఊదితే చప్పుడు వరుస వైపే పోతుంది, వాగు వైపు పోదు. రాజేశానికి వినిపించాలంటే బండ పైకి ఎక్కాలి. ఎక్కితే ఊదేది ఎవరో అందరికీ కనిపిస్తుంది. ఆ సంగతి మధునమ్మకూ తెలుసు. ఒక్కసారి మొగుడి మొహం చూసింది. ఓదెలు రెండు చేతులతో నన్ను ఆమెకు ఇచ్చాడు.

"పో" అన్నాడు. "ఎక్కు!"

ఆమె కొంగు నడుముకు బిగించి, పాకుతూ బండ మీదికి ఎక్కి, ఆకాశం కింద నిటారుగా నిలబడి ఊదింది. తెంపి తెంపి, ఆపకుండా. నా మూతి దగ్గరి మైనం కరిగిపోతుందేమో అనుకున్నాను. అడవి అంతా ఆగిపోయింది. రాజేశం తల ఎత్తి చూశాడు. బూర విని తుపాకి దించాడో, బూర ఊదుతున్న అక్కను చూసి చేతులు పడిపోయాయో, ఈనాటికీ నాకు తెలియదు. ఆ ఆగిన అడవిలోంచి పది పన్నెండు దుప్పులు అతని ముందు నుంచే వాగు దాటి వెళ్ళిపోయాయి. అతను చూస్తూ కూర్చున్నాడు.

అందరూ బండ కింద చేరారు. చివరికి వెనక నుంచి ఎవరో, "ఆడోళ్ళు బూర ముట్టిరి. ఇంకేం ఏట పడ్తది?" అని గొణిగారు.

గట్టయ్య రుమాలు మూటతో అక్కడే కూలబడి ఉన్నాడు. తన వైపు తిరిగిన తుపాకి సంగతి అప్పుడే రాజేశం నోట విన్నాడు. "అవునుర బై," అన్నాడు. "పెద్దలు చెప్పింది నిజమే. ఇయ్యాల పడేటి ఏటను నేనే. వదినె ముట్టింది, నేను పడలే." నవ్వబోయి, దుప్పిపిల్ల మీద మొహం పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత కుక్కలను కట్టేసి, పిల్లను అది దొరికిన గడ్డిలోనే పడుకోబెట్టి వచ్చారు. తల్లి వచ్చి తీసుకుపోయిందనే అనుకుందాం.

"ఎన్నేండ్ల సంది అక్కా?" అని అడిగాడు రాజేశం.

"ఇది మూడో ఏడు" అంది మధునమ్మ.

ఓదెలు నేల చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతనికి దెబ్బ. ఇంటికి వచ్చాక నన్ను మూతి గోడ వైపు తిప్పి తగిలించాడు. ఆ ఏడాదంతా వేట మాట ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి పెరట్లోకి వెళ్ళేవాడు.

కొన్నేళ్ళకు ప్రభుత్వం వేట మాన్పించింది. రాజేశం తుపాకిని పోలీసు స్టేషన్లో అప్పగించి వచ్చాడు. దుప్పులకు మంచిరోజులు వచ్చాయి, అందుకు నాకు బాధ లేదు. ఇప్పుడు నేను మంచిర్యాలలో ఓదెలు మనవరాలి ఇంట్లో, అద్దాల బీరువాలో, ప్లాస్టిక్ పూల పక్కన ఉంటున్నాను. వచ్చినవాళ్ళు, "ఇది నిజం కొమ్మేనా?" అని గోటితో తట్టి చూస్తారు. మా తాత ఊదేవాడు అని మనవరాలు గొప్పగా చెబుతుంది. నాకు నోరు ఉండీ లేదు కాబట్టి ఊరుకుంటాను.

నన్ను ఎవరైనా అడిగితే మాత్రం బండ మీది రోజు గురించి చెప్పను. దాని మరుసటి ఏడు, మాఘమాసపు పొద్దు గురించి చెబుతాను. వాకిట్లో బండి ఆగింది. రాజేశం దిగలేదు, పగ్గాలు పట్టుకునే కేక వేశాడు.

"అక్కా, బండెక్కు. బూర మర్వకు!"

అక్కను మాత్రమే పిలిచాడు. బావకు జబ్బు కదా, చలిలో తిప్పడం ఎందుకని అతని ఉద్దేశం. పిలవకపోవడం కూడా ప్రేమతోనే. ఓదెలు కొట్టం దగ్గర ఎడ్ల మేత సర్దుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు. సర్దిన మేతనే మళ్ళీ సర్దాడు. మధునమ్మ నన్ను గోడ మీది నుంచి తీసి, దుమ్ము తుడిచి, గడప దగ్గరే ఆగింది.

"నేను రాను."

"ఏమైందే?"

"గంత దూరం నా కంటికి ఆనది తమ్మీ. ఏది దుప్పో, ఏది మనిషో తెల్వకుంట నేనేమని ఊదుదు? ఊదుమంటె ఊదుత. గని బండ మీద సూసేటోళ్ళు ఒకలు ఉండాలె."

రాజేశం అక్క మొహం వైపు చూశాడు. గడ్డిలో నడిచేది దుప్పి కాదు మనిషి అని పోయినేడు మొదట కనిపెట్టింది ఎవరో అతనికి తెలుసు, గట్టయ్యకు తెలుసు, ఊరందరికీ తెలుసు. అతను బండిలో గడ్డి ఇటు జరిపి ఒక మనిషికి చోటు చేశాడు.

"బావా, ఇంక నిలవడ్డవేంది? గొంగడి తెచ్చుకో. నువ్వు సూపెట్టంది మా అక్క ఊదదట."

ఓదెలు గొంగడి కోసం లోపలికి వెళ్ళాడు. గొంగడి దండెం మీదే, చేతికి అందేటట్టే ఉంది. అయినా రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చినప్పుడు మొహం కడుక్కుని ఉన్నాడు.

అవతలి గట్టున మేసే మందలో తన మేక ఏదో ఇవతలి ఒడ్డు నుంచే చెప్పగల మనిషి మధునమ్మ. బండి కదిలాక మొగుడి వైపు జరిగి కూర్చుని, "జర నువ్వే సూడాలె మరి" అని ఇంకోసారి చెప్పింది.

"సూస్త గని," అన్నాడు ఓదెలు, నన్ను ఆమె ఒడిలో సర్దుతూ, "నువ్వు గట్టిగ ఊదు."