మార్చురీ గచ్చు

శివజ్యోతికి చీటీలో మార్చురీ వచ్చింది.

కడపలో ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతోందామె. ఆ సెమిస్టరులో డిజైన్ చెప్పే యామిని మేడం క్లాసు మొత్తానికీ ఒకే పని ఇచ్చింది. రాయచోటి దారిలో కంబన్నపేట అనే చిన్న ఊరుంది. ఆ ఊరి ప్రభుత్వాసుపత్రిని పోయి చూసి, కొలిచి, అది ఎలా ఉంటే బాగుంటుందో గీసుకురావాలి. తలా ఒక భాగం. ఎవరికీ వద్దనే హక్కు లేకుండా చీటీలు వేశారు. భూపేష్‌కు ముఖద్వారం, ఓపీ హాలు వచ్చాయి. శివజ్యోతి చీటీ విప్పి చూసుకుని మొహం చిట్లించింది.

"నీకేం భయం లేదులే. నీ డిజైన్ బాగలేదని చెప్పడానికి వాళ్లెవరూ లేచి రారు" అన్నాడు భూపేష్. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

రెండు రోజుల తర్వాత టేపూ, గచ్చు వాలు చూసే రసమట్టమూ, నోటు పుస్తకమూ పట్టుకుని కంబన్నపేటకు పోయింది. మార్చురీ ఆసుపత్రి వెనకాల, కంప చెట్ల పక్కన ఒంటరిగా ఉంది. ఒకటే గది. దాని ముందర ఒక వేపచెట్టు. ఆ చెట్టు కింద ఒక ఆడమనిషి, ఆమె చుట్టాలు నలుగురు నేల మీద కూర్చుని ఉన్నారు. ఆమె పేరు సోమక్క. భర్త బోరు మోటారు దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. ముందురోజు సాయంత్రం నుంచి శవం కోసం అక్కడే ఉంది.

తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడిన మనిషి పేరు లేవి. యాభై దాటి ఉంటాయి. చర్చికి వేసుకుపోయే తెల్లచొక్కా పాతబడితే పనికి వేసుకున్నట్టున్నాడు.

"కొలవడానికి వచ్చినారంట గదా. డాక్టరు సారు చెప్పినాడు. ఒక పది నిమిషాలు ఆగండి మేడం, కడిగేస్తా" అన్నాడు.

లోపలి నుంచి వాసన వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంటే ఆగే వాసన కాదు. ఫినాయిలు, దాని కింద ఇంకేదో, తియ్యగా, నాలుక మీదికి వచ్చే వాసన. శివజ్యోతి చున్నీ ముక్కుకు చుట్టుకుని గడప దగ్గరే నిలబడింది. లేవి పైపుతో బల్ల మీద నీళ్లు కొట్టాడు. ఆ నీళ్లు గచ్చు మీద పడి, గుమ్మం వైపు నడిచొచ్చాయి. లేవి చీపురుతో వాటిని వెనక్కి తోశాడు. తోసినన్ని మళ్లీ తిరిగొచ్చాయి. ఎర్రగా, సన్నటి దారాల్లాంటివి ఏవో అందులో తేలుతూ, ఆమె చెప్పుల పక్కనుంచి గడప దిగి, మెట్టు దిగి, వేపచెట్టు వైపు పోయాయి.

సోమక్క కాళ్లు ముడుచుకుంది. పక్కనున్న బట్టల మూట ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. ఆమె ముందురోజు నుంచీ ఇదే చేస్తున్నట్టు శివజ్యోతికి అర్థమైంది. ఆ నీళ్లు ఎవరి ఒంటి మీదనుంచి వచ్చాయో కూడా అర్థమైంది.

గోడ చాటుకు పరిగెత్తి పొద్దున తిన్నదంతా కక్కింది. వెనకాల ఎవరో వచ్చి వీపు నిమిరారు. సోమక్కే. "నోరు పుక్కిలించు పాపా" అని తన నీళ్ల సీసా ఇచ్చింది.

కడుపు కుదుటపడ్డాక శివజ్యోతి లోపలికి పోయి గచ్చు కొలిచింది. రసమట్టం పెట్టి చూస్తే సందేహమే లేదు. పద్దెనిమిది అడుగుల గదిలో వెనక గోడ దగ్గర గచ్చు మూడు అంగుళాలు ఎత్తు. నీళ్లు జారే వాటం మొత్తం గుమ్మం వైపే ఉంది. వెనక గోడలో నీళ్లు పోవడానికి తూము కూడా లేదు.

"ఎప్పటి నుంచి ఇట్లుండాది అన్నా?"

"కట్టినప్పటి నుంచి. పంతొమ్మిదేళ్లాయ. నేను చేరిందీ అప్పుడే" అన్నాడు లేవి. "నీళ్లను మిట్టకు ఊడ్చేది నా పని. చేతులు పడిపోతాయి గానీ అవి యాడ పోతాయి, ముందరికే వస్తాయి. వాళ్లను ఆ పక్క కూచోండి అంటా. ఆడ ఎండ. మళ్లీ ఈడికే వస్తారు."

"ఎవురికీ చెప్పలేదా?"

"చెప్పినా. వచ్చేవాళ్లు ముక్కు మూసుకుని వాకిట్లో నుంచే పోతారు. గచ్చు ఎవురు చూస్తారు పాపా?"

ఆసుపత్రి ఆఫీసులో పాత ప్లాను వెతికించింది. గుమస్తా రెండు బీరువాలు తెరిచి, చెదలు పట్టిన ఒక కట్ట తెచ్చి దుమ్ము దులిపి ఇచ్చాడు. నీలం కాగితం మీద అంతా సరిగ్గానే గీసి ఉంది. వాటం వెనక్కి. వెనక గోడలో తూము. అక్కడినుంచి ముప్పై అడుగుల కాలువ, చివర ఇంకుడు గుంత. కట్ట చివర పని పూర్తయినట్టు రాసిన కాగితం ఉంది. కాలువ తవ్వినట్టు, తూము పెట్టినట్టు, అన్నీ ఉన్నట్టు. కింద కాంట్రాక్టరు సంతకం.

ఆ సంతకం ఆమెకు తెలుసు. బడిలో మార్కుల కార్డుల మీద ప్రతి నెలా చూసిన సంతకం. ఓబుళేశు. రాయచోటిలో పేరున్న కాంట్రాక్టరు. ఆమె నాయన.

చిన్నప్పుడు బండి మీద ముందర కూర్చోబెట్టుకుని పనుల దగ్గరికి తీసుకుపోయేవాడు. ఇటుక తట్టి మోత విని మంచిదో కాదో చెప్పడం, గోడ నిటారుగా ఉందో లేదో తూకం దారం వేలాడదీసి చూడడం, అన్నీ ఆయన దగ్గరే చూసింది. ఆర్కిటెక్చర్ చదువుతానంటే చుట్టాలంతా వద్దన్నా, చదవనీ అన్నది ఆయనే.

శనివారం ఇంటికి పోయింది. ఓబుళేశు అన్నం తిని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నాయనా, కంబన్నపేట మార్చురీ నువ్వే కట్టినావా?"

"ఎప్పటిదో అది. ఏం, పడిపోయిందా?"

"పడిపోలేదు. వాటం తిక్కగా ఉండాది. నీళ్లు ముందరికి వస్తాండాయి."

ఆయన ఒక్క క్షణం గుర్తు చేసుకున్నాడు. దాచాలని కూడా అనిపించలేదాయనకు. "ఆ, ఔను. వెనకంతా బండ పడింది. దాన్ని పగలగొట్టి కాలువ తీయాలంటే పది దినాలు పడతాది. ఆ పక్కనెల్లోనే తెరవాలని తొందర. ఇంజనీరే అన్నాడు, ముందరికి తిప్పేయప్పా అని. తిప్పేసినాం."

"కాగితంలో కాలువ తవ్వినట్టు రాసినావు."

"అందరూ అట్లే రాస్తారు."

"ఆ నీళ్లు ఎవురి మీదికి పోతాండాయో తెలుసా? సచ్చిపోయినోళ్ల పెండ్లాం, బిడ్డలు కూచున్న తావుకు పోతాండాయి. మొగుని నెత్తురు వచ్చి పెండ్లాం కాళ్లకు తగుల్తాండాది నాయనా."

"తిన్నంక ఏం మాటలు ఇవి?" అన్నాడాయన విసుగ్గా. "అది బడి కాదు, బ్యాంకు కాదు. సచ్చినోళ్ల గది. వాళ్లేమన్నా వచ్చి అడుగుతారా?"

భూపేష్ చెప్పిన జోకు, దానికి తను నవ్విన నవ్వు గుర్తొచ్చాయి శివజ్యోతికి. నాయన మీద పుట్టిన అసహ్యం తన మీదికి కూడా తిరిగింది. ఆ రాత్రి ఇంట్లో అన్నం తినలేదు. మరుసటి రోజు పొద్దున్నే కడపకు వచ్చేసింది.

నెల రోజులు గీసింది. వాటం వెనక్కి తిప్పింది. కాలువ, గుంత వేసింది. ముందర చెట్టు అలాగే ఉంచి, దాని చుట్టూ అరుగు, పైన రేకుల నీడ, ఒక కొళాయి, ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి. శవాన్ని చూపించడానికి విడిగా ఒక చిన్న గది. అందులో ఒక మంచి కిటికీ. లేవికి స్నానం చేసే గది. మొదటి షీటులో మాత్రం ఇప్పుడున్న గదిని, ఉన్నది ఉన్నట్టు గీసింది. నీళ్లు ఎటు పోతున్నాయో బాణం గుర్తులు పెట్టింది. మూలన ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో రాసింది.

డిజైన్లు చూడడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆర్కిటెక్టు వచ్చాడు. భూపేష్ గీసిన అద్దాల ముఖద్వారం దగ్గర ఆయన అరగంట నిలబడ్డాడు. శివజ్యోతి దగ్గరికి వచ్చేసరికి భోజనాలైపోయాయి.

"ఇప్పుడే తిన్నది నువ్వు కడుపులో ఉండనిచ్చేట్టు లేవే" అని నవ్వాడు. "అమ్మా, పబ్లిక్ బిల్డింగ్ అంటే జనం తలెత్తి చూడాలి. నువ్వు కాలువ చుట్టూ తిరుగుతున్నావు."

"అక్కడ జనం తలెత్తరు సార్. కాళ్ల దగ్గరే చూస్తుంటారు, ఏం తగులుతుందోనని."

ఆయన నవ్వు ఆపి మొదటి షీటు దగ్గరికి వంగాడు. "ఇది ఇలా ఎవరు కట్టారు?"

"మా నాయన సార్."

ఆర్కిటెక్టు గొంతు సవరించుకుని పక్క షీటుకు పోయాడు. తర్వాత యామిని మేడం ఆమెను వరండాలోకి పిలిచి, "పని బాగుంది. మార్కులు వేస్తాను. కానీ ఆ పేరు తీసెయ్. ఇంటి గొడవ షీటు మీదికి ఎందుకు?" అంది. శివజ్యోతి తియ్యలేదు. మార్కులు తగ్గాయి.

మాట రాయచోటి దాకా పోయింది. ఓబుళేశు ఫోనులో కేకలు వేశాడు. తల్లి ఏడ్చింది. రెండు వారాలు ఇంటి నుంచి ఫోను లేదు. తర్వాత ఒకనాడు ఆయనే చేశాడు. గొంతులో కోపం లేదు, ఉత్సాహం ఉంది.

"పాపా, ఆ మార్చురీ బాగు చేయించినా. నా సొంత డబ్బుతో. గచ్చు పగలగొట్టి వాటం వెనక్కి తిప్పినాం. కాలువ తీసినాం. ఆదివారం చిన్న కార్యక్రమం. నువ్వు రావాల."

"బండ పడింది అంటివి కదా?"

"ఇప్పుడు కంప్రెసర్లు వచ్చినాయి గదా. ఒకటిన్నర దినంలో ఐపోయ."

పోన్లే, పని అయితే అయింది కదా అనుకుని పోయింది. ఆసుపత్రి గేటు నుంచి మార్చురీ దాకా ఫ్లెక్సీలు కట్టి ఉన్నాయి. మున్సిపల్ ఎన్నికల్లో నిలబడాలనే ఆలోచన ఆయనకు ఉందని వాటిని చూశాకే తెలిసింది. ఆయన దండం పెడుతున్న ఫోటో. పక్కన కాన్వొకేషన్ టోపీ పెట్టుకున్న శివజ్యోతి. ఆ టోపీ ఆమె ఎప్పుడూ పెట్టుకోలేదు. కంప్యూటర్లో పెట్టారు. మార్చురీ గుమ్మానికి బంతిపూల దండలు. వేపచెట్టు కింద షామియానా, కుర్చీలు, కూల్‌డ్రింకులు.

చెట్టు కింద కూర్చోవలసినవాళ్లు ఎండలో గోడ పక్కన నిలబడి ఉన్నారు. ఒక ముసలాయన, ఇద్దరు కొడుకులు. లోపల ఉన్నది ఆయన చిన్నకూతురు. పురుగుల మందు తాగింది.

"పొద్దున్నుంచి ఉండారు. కార్యక్రమం ఐనంక కోస్తాం అన్నారు సార్లు" అని లేవి ఆమె చెవిలో చెప్పాడు. "డాక్టరు సారు ఆడ కుర్చీలో ఉండాడు."

శాలువాలు కప్పారు. ఎవరో ఆమె చేతికి మైకు ఇచ్చారు.

"పంతొమ్మిదేళ్ల కిందట ఈ గచ్చు తప్పుగా వేసింది మా నాయనే" అంది. "వెనక బండ ఉందని కాలువ తియ్యలేదు. తీసినట్టు కాగితం రాసినాడు. ఆ బండ పగలడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఇప్పుడు లోపల ఒక పాప ఉంది. ఆ పాప వాళ్ల నాయన ఎండలో ఉన్నాడు. మీరు లేస్తే డాక్టరు గారు పని మొదలుపెడతారు."

ఓబుళేశు నవ్వు చెరగనివ్వకుండా మెల్లగా చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని ముందు వరస కొట్టింది. వెనకవాళ్లు ఏం విన్నారో తెలియదు, వాళ్లూ కొట్టారు. "నిజం ఒప్పుకునే గుండె కావాలప్పా, అది మా ఓబుళేశన్నకు ఉండాది" అని మైకు లాక్కుని ఒకాయన మొదలుపెట్టాడు.

శివజ్యోతికి కడుపులో తిప్పింది. తను అన్న మాట కూడా ఆ ఫ్లెక్సీల్లో ఒకటైపోయింది. కానీ ఈసారి గోడ చాటుకు పోలేదు. నేరుగా డాక్టరు ముందర నిలబడి, ఆయన లేచేదాకా కదలలేదు. ఖాళీ అయిన ఒక కుర్చీని తీసుకుపోయి ఎండలో ఉన్న ముసలాయన పక్కన వేసింది. ఆయన కూర్చోలేదు. దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

పని పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండు. లేవి పైపు తిప్పాడు. నీళ్లు వెనక గోడ వైపు పోయి తూములో దిగాయి.

"శానా సుళువైపోయ పాపా. ఇంక నా చేతులకు రెస్టు" అన్నాడు లేవి. ఆయన మొహంలో నిజంగానే సంతోషం కనిపించింది. ఆమె తల ఊపింది. ఆయన సంతోషాన్ని పాడుచేసే మాట ఏదీ అనదలచుకోలేదు.

రోడ్డు మీద ఓబుళేశు కారు ఆగి ఉంది. అద్దం దించి, "ఎక్కు. అమ్మ వేటమాంసం చేయించింది. అందరూ వస్తాండారు" అన్నాడు.

"నేను కడపకు పోతాండా."

"మైకులో నువ్వన్నదానికి నేను ఏమీ అనుకోలేదులే."

"తెలుసు నాయనా. అదే నాకు తినబుద్ది కాకుండా చేస్తాండాది."

ఆయనకు అర్థం కాలేదు. అద్దం ఎత్తుకుని పోయాడు. బస్సు నిండా జనం. కడప దాకా నిలబడే పోయింది.