రెండో మిషన్

లూర్దు మేరీ వంటింటి గచ్చు మీద పక్కకి ఒరిగి పడుకుని, గ్రైండరు కిందకి టార్చిలైటు వేసింది. పిండి చారికలు ఎండిపోయి, బూజు పట్టి, పసుపుపచ్చ రంగుతో రాసిన అంకెలు సగమే కనిపిస్తున్నాయి. చెంబులో నీళ్ళతో పైటచెంగు తడిపి రుద్దడం మొదలుపెట్టింది. చేతిలో అట్లకాడతో గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది ఇంటావిడ బుల్లమ్మ.

“పట్టుకుపోడానికే వచ్చేవు. నాకు తెలుసు. దాని బాకీ ఎప్పుడో తీరిపోనాది.”

“పట్టుకుపోదామని వత్తే రిక్షా తెచ్చుకోనేటి? ఇంత బరువు నెత్తినెట్టుకు పోతానా?”

“నీ నెత్తి గట్టిదే. మా తోటికోడలి టీవీ అలాగే పోనాది.”

మేరీ నవ్వలేదు. ఆ మాట నిజమే. వాయిదాల మీద సామాన్లు ఇచ్చే కంపెనీకి ఆవిడ ఏళ్ళ తరబడి వసూళ్ళు చేసింది. గవరపాలెం సందుల్లో ఆవిడ గొడుగు కనిపిస్తే చాలు, మిక్సీ బియ్యం డబ్బాలోకి, టేపురికార్డరు పక్కింటికి వెళ్ళిపోయేవి. ఇప్పుడు అదే కంపెనీ మీద కేసు వేసిన త్రినాధరావు ప్లీడరు దగ్గర పని చేస్తోంది. ఈసారి ఇవ్వడానికి వచ్చానంటే నమ్మేవాళ్ళు లేరు.

“ప్రతి వాయిదాలోనూ ఇన్సూరెన్సని కొంత కలిపి కట్టించుకున్నారు బుల్లమ్మా. అరవై దాటినోళ్ళకి అది వర్తించదు. నీకు అప్పటికే దాటిపోనాయి. తెలిసే కట్టించుకున్నారు. ఆ సొమ్ము వెనక్కి ఇప్పిత్తాం.”

“కంపెనీవోళ్ళు సొమ్ము వెనక్కిత్తారా?” బుల్లమ్మ అట్లకాడ దించలేదు. “అయితే ఈసారి ఏటి రాయించుకుంటావు? ఇల్లా?”

కొడుకు వచ్చాక చూద్దామంది చివరికి. మేరీ లేచి, అంకెలు రాసుకుని, చీర దులుపుకుని బయటపడింది.

కంపెనీ ఇచ్చిన జాబితాలో పేర్లు, నంబర్లు తప్ప ఇంకేమీ లేవు. జనం దగ్గర రసీదులు లేవు. చాలామందికి ఫలానా వస్తువు అప్పు మీద కొన్నామన్న సంగతే గుర్తు లేదు. వస్తువు అడుగున కంపెనీవాళ్ళు వేసిన నంబరొక్కటే రుజువు. అందుకని మేరీ ఏ ఇంట్లోకి వెళ్ళినా మనుషుల ముఖాలు చూడదు, సామాన్ల వెనక్కీ కిందకీ చూస్తుంది. ఆ చూపు ఈ పనితో రాలేదు. పెళ్ళయిన కొత్తలో భర్త కృపాకర్ చొక్కా జేబులు రోజూ వెతికేది. “ఇంట్లో కూడా వసూళ్ళేనేటి మేరీ,” అని నవ్వేవాడు. కొన్నాళ్ళకి నవ్వడం మానేశాడు. ఆ తర్వాత కోటవురట్లలో అక్కగారింటికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆ జేబుల్లో ఆవిడకి ఏనాడూ ఏమీ దొరకలేదు. దొరకలేదు కాబట్టే మరింత వెతికింది.

బెల్లం మార్కెట్టు వెనక సందులో దర్జీ సైదా సాహెబ్ ఇల్లు. వసారాలో నులకమంచం మీద సాయిబు పడుకుని ఉన్నాడు. వానాకాలంలో పక్షవాతం వచ్చింది. మాట పోయింది. కుడివైపంతా పడిపోయింది. ఆసుపత్రిలో ఇంక లాభం లేదని రెండు రోజుల కిందటే పంపేశారు. గొంతులో ఏదో ఉడుకుతున్నట్టు ఊపిరి చప్పుడు. భార్య బషీరాబీ పక్కన పీట మీద కూర్చుని దూదితో ఆయన పెదాలు తడుపుతోంది.

“మిషనుంది. సూసుకో. తీసుకుపోతే మాత్రం ఊరుకోను,” అంది తల తిప్పకుండానే.

మూలనున్న కుట్టుమిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. బల్ల కింద నంబరు శుభ్రంగా కనిపించింది. మేరీ సెల్లులో త్రినాధరావుకి చెప్పింది. ఆయన గొంతు పెద్దది, ఫోనులోంచి వసారా అంతా వినిపించింది.

“సైదా సాహెబ్ పేరు మీద రెండున్నాయమ్మా. రెండూ కుట్టుమిషన్లే. రెండోదాని నంబరు కూడా చూసి, రెండింటికీ వేలిముద్రలు పట్రా. ఎల్లుండే ఆఖరు. ముసలాయన పోతే వారసుల కాగితాలంటారు, అది మన వల్ల కాదు.”

దూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

“రెండోదేటి?” అంది బషీరాబీ.

“ఏదో పొరపాటయ్యుంటాది బీబమ్మా.”

“నంబరుంటే పొరపాటెలాగవుద్ది? రెండోది ఎవరింట్లో ఉంది?”

రేషను కార్డు లేనివాళ్ళకీ అద్దె కొంపలవాళ్ళకీ కంపెనీ అప్పివ్వదు, అలాంటివాళ్ళకి తెలిసినవాళ్ళు పేరు అరువిస్తారు, అలా ఇచ్చి ఉంటారంది మేరీ. అంటూనే ఆ మాట తనే నమ్మడం లేదనుకుంది. పేరు అరువిచ్చినవాడు ఇంట్లో చెప్పకుండా ఉంటాడా?

“శుక్రవారం నమాజుకని ఎల్లేవాడు. సాయంత్రం అసర్ నమాజు వేళైనా ఇల్లు సేరేవాడు కాదు,” బషీరాబీ తనలో తను అన్నట్టు అంది. “టీ కొట్టు కాడ కూకున్నానేవాడు. నాను నమ్మేను.” ఆయన ముఖం మీదకి వంగింది. “ఎవరికిచ్చేవు? అవునంటే కళ్ళు మూయి. ఆడమనిషికేనా?”

సాయిబు కళ్ళు తెరిచి ఆవిడ వంకే చూశాడు. చాలాసేపు రెప్ప వెయ్యలేదు. తర్వాత మూసుకున్నాడు. అది జవాబో నీరసమో ఇద్దరికీ తెలియలేదు.

మేరీ కాగితాలూ సిరాపెట్టె బయటికి తీసింది. బషీరాబీ ఆయన ఎడమచేతిని దుప్పటి కిందకి తోసేసింది.

“ఎయ్యనివ్వను. అదెవరింట్లో ఉందో సూసిరా ముందు. ఈ మనిషి ఉండగానే నాకు తెలవాలి. పోనాక తెలిసి ఏటి లాభం, ఎవర్ని అడగను?”

“పెద్దాయన పరిస్థితి సూత్తే...”

“అందుకే బేగి రా. నీ సరంజామా ఇక్కడే ఉండనీ. అప్పుడు తప్పకుండా వత్తావు.”

దారాలూ బొత్తాలూ అమ్మే ఖయ్యూమ్ కొట్టు పెద్దబజారు మలుపులో ఉంది. దర్జీలందరికీ అదే కొట్టు. సైదా సాహెబ్ తన కోసం కాక ఇంకెవరికైనా సూదులు కొనేవాడా అని మేరీ అడిగింది.

“నీకెందుకు?” అన్నాడు ఖయ్యూమ్.

“ఆవిడికి సొమ్ము రావాలి.”

“ఆవిడని నాను అన్నేదే,” అని నాలిక్కరుచుకున్నాడు. మేరీ కదలకుండా నిలబడింది. గిరాకీ అంతా అయిపోయినా నిలబడే ఉంది. విసుగొచ్చి చెప్పాడు, శారదా నది వైపు సందులో గంగాభవాని అని, లంగాలు కుడతాదని. “నా పేరు సెప్పకు. ముసలాయన మంచోడు.”

మంచోడని ఎందుకన్నాడో దారి పొడుగునా ఆలోచించింది మేరీ.

ఆ సందులో గంగాభవాని గుమ్మం ముందు అడుగు పడీ పడగానే “ఎవరది?” అని లోపల్నించి వినిపించింది. గంగాభవాని నలభై లోపు మనిషి. నిండైన మనిషి. మాట్లాడితే ఒక చెంప మీద సొట్ట పడుతుంది. మిషను కిటికీ దగ్గర ఉంది. మేరీ అడగకుండానే కిందకి వంగి చూసింది. నంబరుంది.

“సాయిబుకెలాగుంది?” అంది గంగాభవాని.

“ఆయన నీకేటవుతారు?”

“ఏటీ కారు. నాకు కార్డు లేదు. నా మొగుడు వదిలేసి పోనాడు. పేరిచ్చేరు. వాయిదాలు నానే కట్టేను.”

“శుక్రవారం శుక్రవారం వచ్చేవారు కదా.”

“మిషనుకి నూనె పోసి, బెల్టు బిగించి పోయేవోరు. టీ ఇచ్చినా ఎండలోనే నిలబడి తాగేవోరు.” అంతలోనే ఆవిడ ముఖం మారింది. “బీబమ్మగారు పంపేరా నిన్ను? ఏటి సూత్తన్నావు గోడల కేసి?”

మేరీ గోడలే చూస్తోంది. మేకుకి మగవాళ్ళ చొక్కా లేదు, చూరులో చుట్టలపెట్టె లేదు. ఒక్క మంచం, ఒక్క కంచం. ఏమీ లేకపోవడం ఇంతకు ముందు తన ఇంట్లోనే, చొక్కా జేబుల్లో చూసింది.

తిరిగి వచ్చేసరికి సందులో చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. మగవాళ్ళు అరుగు మీద మెల్లగా మాట్లాడుకుంటున్నారు. సాయిబు గంట కిందట పోయాడు. స్నానం చేయించడానికి నీళ్ళు కాస్తున్నారు. మేరీ చెప్పులు విడిచి వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్ళింది. ఆడవాళ్ళ మధ్యలోంచి బషీరాబీ లేచి, పెరటి తలుపు దగ్గరికి తీసుకుపోయింది. ఏడ్చినట్టు లేదు.

“దొరికిందా?”

“దొరికింది. పేరు అరువే బీబమ్మా.”

“ఆడమనిషేనా?”

“ఆ.”

“ఎలాగుంటాది?”

మేరీ ఆవిడ ముఖంలోకి చూసింది. “ముసల్ది. పళ్ళు లేవు. బెమ్మచెవుడు. నా గొంతు పోనాది అరిసి అరిసి.”

నమ్మిందో లేదో బషీరాబీ ముఖంలో తెలియలేదు. పైట చాటునుంచి కాగితాలు తీసి ఇచ్చింది. రెండింటి మీదా వేలిముద్రలున్నాయి.

“నువ్వు వచ్చేదాకా ఆగలేదాయన. సెయ్యి ఎలాగూ పట్టుకునే ఉన్నాను కదా.” ముక్కు తుడుచుకుంది. “రెండోదాని సొమ్ము ఆవిడకిచ్చీ. ఆవిడ కట్టిందే కదా. మా గడప మాత్రం తొక్కొద్దని సెప్పు.” ఆగి మళ్ళీ అంది, “గట్టిగా అరిసి సెప్పు.”

మేరీ కాగితాల వంక చూసింది. ఇన్నాళ్ళుగా ఎంతోమంది ముసలివాళ్ళ చేత వేలిముద్రలు వేయించింది. ప్రాణమున్న వేలు వణుకుతుంది, గీతలు అలుక్కుపోతాయి. ఈ రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి. ఒక్క గీతా చెదరలేదు. ఎప్పుడు వేయించావని అడగాలి. త్రినాధరావు అడుగుతాడు. కంపెనీ ప్లీడరు తప్పకుండా అడుగుతాడు.

కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. లోపల్నించి ఎవరో పిలిస్తే బషీరాబీ వెళ్ళిపోయింది.

పెరట్లో తీగ మీద సాయిబు తువ్వాలు ఆరేసి ఉంది. హడావిడిగా జాడించినట్టున్నారు. ఒక మూల సిరా నీలం ఇంకా వదల్లేదు. ఆ మూలనుంచే నీళ్ళు బొట్టుబొట్టుగా రాలుతున్నాయి.