మేకుల పలక

సగం తాగిన చాయ్ గ్లాసును గడప మీద పెట్టి, ఉప్పలయ్య మేకుల పలకను పాత ధోవతి గుడ్డతో తుడుస్తున్నాడు. ఇంజనీరింగు కాలేజీ విద్యుత్తు ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లుగా అటెండరు. పుస్తకాలు కొనలేని విద్యార్థుల కోసం తానే చేసిన పలక అది. ఒక టార్చి సెల్లు, మేకులకు చుట్టిన రాగి తీగలు, రెండు బుడ్డి బల్బులు. ఎర్రదారం కట్టిన బల్బును అమ్మీటరు అనుకోవాలి, ఆకుపచ్చదారం కట్టినదాన్ని వోల్టుమీటరు. తార్నాకలో అతని వసారాలో కూర్చుని ఎవరైనా, పైసా ఇవ్వకుండా, చెయ్యి కాలకుండా నేర్చుకోవచ్చు.

గుడ్డ ఆగిపోయింది. దారాలు కొత్తవి. చోట్లు తారుమారయ్యాయి.

"లచ్చవ్వా, ఈ దారాలు ఎవరు కట్టిన్రు?" భార్యను అడిగాడు.

"నేనే. పాతవి చివికిపోయినయని శనివారం కట్టిన. ఏంది, దారానికి గూడ మీ సార్ల సంతకం గావాల్నా?"

ఆదివారమంతా విద్యార్థిని వేదవతి ఈ పలక ముందే కూర్చుంది. ఈ రోజు పదింటికి ఆమెకు మొదటి ప్రయోగ పరీక్ష. పలక మీద తప్పు కలిపితే బల్బు వెలుగుతుంది, అంతే. అక్కడ ప్రయోగశాల బల్ల మీద వోల్టుమీటరు చోట, అసలు కరెంటుకు అడ్డంగా అమ్మీటరు పెడితే అది పేలుతుంది. అలాంటి పొరపాటుకే కాలి, కొయ్యబారిన తన రెండు వేళ్లను ఉప్పలయ్య చూసుకున్నాడు. విద్యార్థులకు సైగలు చేస్తాడేమోనని పరీక్షనాడు అటెండరును రానివ్వరు. వెళ్తే ఉద్యోగం పోవచ్చు.

"చెప్పులన్న ఏసుకపో!" లచ్చవ్వ కేక వెనకబడింది.

పలకను చంకలో ఇరికించుకుని పరుగెత్తాడు. కాలేజీ రాతి మెట్ల దగ్గర ఎడమ భుజం నుంచి రొమ్ము దాకా నొప్పి లాగింది, ఆగలేదు.

ప్రయోగశాలలో వేదవతి చెయ్యి అప్పటికే స్విచ్చు మీద ఉంది.

"ఆగు బిడ్డా! రెండు మీటర్లు అటుదిటు మార్చు!"

పరీక్షకుడు కొండలరావు గిరుక్కున తిరిగాడు. "ఏమయ్యా, ఇవాళ రావొద్దని చెప్పలేదూ? ఉద్యోగం బరువైందా?"

"తప్పు నాది సార్. దారాలు నేనే మార్చి కట్టిన. బిడ్డకేం తెల్వదు."

కొండలరావు ఆమె కలిపిన తీగలను చూశాడు. అతని ముఖం పాలిపోయింది. "సరే. ఆ స్టూలు మీద కూర్చో. కదలకు."

వేదవతి తీగలు మార్చి, సరేనా అన్నట్టు ఉప్పలయ్య వైపు చూసింది. అతని తల ముందుకు వంగింది. ఔనన్నాడనుకుని స్విచ్చు వేసింది. మీటరు ముల్లు మెల్లగా లేచి నిలిచింది.

ఆమె నవ్వుతూ తిరిగినప్పుడు ఆ తల ఇంకా వంగే ఉంది. పిలిచినా లేవలేదు.

అతని ఒళ్లో పలక మీద ఎర్రదారం తన చోటికి చేరింది. ఆకుపచ్చదారానికి సగం ముడే పడింది.